కునుకు తీసే తీరిక లేని బార్టెండర్లు

పోయిన నెల మా పిన్ని కూతురు ఫోన్ చేసి "అక్కా, నువ్వు మూడేళ్లు జపాన్‌లో ఉన్నావు కదా, మడోరొమి బార్‌మెయిడ్ అని సీరియల్ ఒకటుంది, చూశావా" అని అడిగింది. నేనా, అక్కడున్న మూడేళ్లూ టోక్యోలో నిషి కసాయ్‌లో ఇంటికి రావడం, పప్పు కుక్కర్ పెట్టుకోవడం, యూట్యూబ్‌లో మన జబర్దస్త్ చూసుకుంటూ నిద్రపోవడం. జపాన్‌లో ఉండి జపాన్ సీరియల్ ఒక్కటి కూడా చూడలేదు అంటే అది నవ్వింది. సరే చూడు, చూశాక మాట్లాడదాం అంది. అది ఊరికే అడగదు, ఎందుకంటే అది బార్టెండర్. బెంగళూరులో ఒక హోటల్ బార్‌లో కౌంటర్ వెనకాల నిలబడి రెండున్నరేళ్లు అవుతోంది, మా చుట్టాల్లో సగం మందికి మాత్రం అది ఇంకా "హోటల్ లైన్‌లో" ఉంది.

చూశాను. బాగుంది, అది ముందే చెప్పేస్తాను, ఎందుకంటే కింద అంతా గొడవే పెట్టుకోబోతున్నాను. 2019లో వచ్చిన లేట్ నైట్ సీరియల్ ఇది, హయకవా పావో మాంగాని, అంటే జపాన్ బొమ్మల కథని, తీసుకుని చేశారు. ముగ్గురు అమ్మాయిలు ఒకే ఇంట్లో ఉంటారు, ముగ్గురూ బార్టెండర్లే. ఒకామెది పెద్ద హోటల్ బార్, ఇంకొకామె సీసాలు గాల్లోకి ఎగరేసి పట్టుకునే ఫ్లేర్ రకం, అసలు హీరోయిన్ యుకి మాత్రం మన దగ్గర నూడుల్స్ బండి ఉన్నట్టు ఒక తోపుడు బండి మీద బార్ పెట్టుకుని రాత్రిళ్లు తిరుగుతూ ఉంటుంది. ఎవరో ఒకళ్లు ఏదో బాధతో వస్తారు, ఆమె వాళ్ల మొహం చూసి వాళ్లకి సరిపడే ఒక గ్లాసు కలిపి ఇస్తుంది, వాళ్ల మనసు కాస్త తేలికవుతుంది. మడోరొమి అంటే కునుకు. పడీ పడనట్టు కళ్లు మూతలు పడే ఆ కాసేపు. ఆ కునుకు కస్టమర్ది అని నాకు అర్థమైంది. గ్లాసు కలిపే అమ్మాయికి కునుకు ఎప్పుడు అనేదే నా ప్రశ్న, ఈ పోస్టంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

నా గొడవ చిన్నదే. ఇలాంటి కథల్లో ఆడబార్టెండర్‌కి గౌరవం దొరుకుతుంది, కాదనను. కానీ ఉచితంగా దొరకదు. ఆమె మహా ప్రతిభావంతురాలు అయ్యుండాలి. నాలుక మీద ఒక చుక్క పడితే సీసా పేరు చెప్పగలగాలి, కస్టమర్ కుర్చీలో కూర్చునే తీరు చూసి విడాకులా ఉద్యోగం పోయిందా అని కనిపెట్టాలి, ఆమె షేకర్ ఊపుతుంటే బార్ అంతా నిశ్శబ్దం అవ్వాలి. మామూలుగా పనికొచ్చి, మామూలు జిన్ టానిక్ కలిపి, కాళ్లు నొప్పి పుట్టి, పన్నెండింటికి గడియారం చూసుకునే ఆడబార్టెండర్‌కి గౌరవం ఇచ్చే కథ నాకింకా దొరకలేదు.

మగ హీరో కూడా అంతే కదా

ఇది చెల్లితో అంటే అది వెంటనే అడ్డం పడింది. "అక్కా, 2011లో బార్టెండర్ అనే సీరియల్ వచ్చింది, అందులో మగ హీరో, అతను కలిపేదాన్ని దేవుడి గ్లాసు అంటారు, మరి అతను మాత్రం మామూలోడా?" అంది. నిజమే. జపాన్ వాళ్ల పని కథలన్నీ అంతే, సుషీ అయినా బ్రెడ్ అయినా హీరో అంటే ఆ పనిలో అవతారపురుషుడు. ఆడవాళ్ల మీద ప్రత్యేకంగా కక్ష ఏమీ లేదు.

రెండు రోజులు దీనికి నా దగ్గర జవాబు లేదు. మూడో రోజు గిన్నెలు తోముతుంటే గుర్తొచ్చింది, మిడ్‌నైట్ డైనర్. నెట్‌ఫ్లిక్స్ పుణ్యమా అని మనవాళ్లలో కూడా చాలామంది చూసినదే. అర్ధరాత్రి పన్నెండుకి తెరిచి పొద్దున ఏడింటికి మూసే చిన్న కొట్టు, మొహం మీద గాటున్న ఒకాయన, మెనూలో తినడానికి ఉండేది పంది మాంసం వేసిన పులుసు భోజనం ఒక్కటే, ఇంకేదైనా కావాలంటే సరుకులుంటే చేసి పెడతాడు. ఆయన గొప్ప వంటవాడని ఎవరూ అనరు. ఎర్ర సాసేజ్‌లు ఆక్టోపస్‌లాగా కోసి వేయిస్తాడు, గుడ్డు అట్టు వేస్తాడు. మా ఇంట్లో నేను కూడా వేస్తాను. అయినా ఆయన చుట్టూ లోకం తిరుగుతుంది, ఆయన నోరు మెదపకుండా సిగరెట్ కాలుస్తూ నిలబడితే చాలు, మనకి ఆయన మీద గౌరవం వచ్చేస్తుంది. అంటే కౌంటర్ వెనకాల మగాయన మామూలుగా ఉండొచ్చు. జీనియస్ అవ్వడం అతనికి ఒక దారి, అంతే. ఆడామెకి ఆ ఒక్క దారే ఉంది.

చెల్లి దీనికి "ఊఁ" అంది. ఒప్పుకున్నట్టో, బస్సు వచ్చిందో తెలీదు.

మాస్టర్, మామా

జపాన్‌లో చిన్న బార్‌లో మగాయన ఉంటే కస్టమర్లు ఆయన్ని "మాస్టర్" అని పిలుస్తారు. ఆడామె నడుపుతుంటే "మామా" అంటారు, అంటే అమ్మ అన్నమాట. ఇది నాకు మొదట్లో ముద్దుగా అనిపించింది. మనం కూడా హోటల్లో ఆడవాళ్లని అమ్మా, అక్కా అనే కదా పిలుస్తాం. తర్వాత తర్వాత ఆ రెండు మాటల మధ్య తేడా గుచ్చుకోవడం మొదలైంది, ఒకటి పనితనం పేరు, ఇంకోటి చుట్టరికం పేరు. మన దగ్గర టీ మాస్టర్ ఉన్నాడు, దోసె మాస్టర్ ఉన్నాడు, పరోటా మాస్టర్ ఉన్నాడు. పొద్దున్నే రోడ్డు పక్కన పెనం పెట్టుకుని వంద దోసెలు పోసే ఆవిడని మాస్టర్ అని ఎవరైనా పిలవగా విన్నారా? "అక్కా, కారం ఎక్కువేసి ఇంకోటి" అంటాం.

టోక్యోలో ఖరీదైన పేట గింజాలో క్లబ్బులు నడిపే మామాలు మామూలు మనుషులు కారని, కంపెనీల వాళ్లు వాళ్ల ముందు ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడతారని మా ఆఫీసులో వాళ్లే చెప్పేవాళ్లు, కాబట్టి ఆ మాటలో అధికారం లేదని కాదు. కానీ ఆ అధికారం మనుషుల్ని చూసుకోవడం వల్ల వచ్చేది. గ్లాసులో ఏం పోసిందన్నది అక్కడ లెక్కలోకి రాదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పకపోతే జపాన్ వాళ్లకి అన్యాయం చేసినట్టు. అక్కడ బార్టెండర్ ఉద్యోగానికే ఒకప్పుడు పెద్ద మర్యాద లేదు. "బాటెన్" అని పొట్టిగా పిలిస్తే ఇప్పటికీ చాలామంది పాత బార్టెండర్లకి కోపం వస్తుంది, ఎందుకంటే అది పనీపాటా లేకుండా తిరిగేవాడు అనే అర్థమున్న ఫూతెన్ అనే మాటతో కలిపి వెటకారంగా అనేవాళ్లని చెప్తారు. వాళ్ల బార్టెండర్ల సంఘం 1929లో పుట్టింది. తెల్ల కోటు, బో టై, పెద్ద ఐస్ గడ్డని కత్తితో చెక్కి గోళీలా గుండ్రంగా చెయ్యడం, గ్లాసుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని తుడవడం, ఇదంతా తరాల తరబడి వాళ్లు కష్టపడి కట్టుకున్న మర్యాద. మేం తాగుబోతులకి సారా పోసేవాళ్లం కాదు, కళాకారులం అని చెప్పుకోవడానికి. కాబట్టి ఆ పనిలోకి వచ్చే ఆడపిల్లని కూడా "నీ కళ చూపించు" అని అడగడంలో వాళ్ల లెక్క వాళ్లకుంది. మగవాళ్లు కట్టిన ప్రవేశ రుసుమే ఆమెనీ కట్టమంటున్నారు అనుకోవచ్చు. కాకపోతే మగవాళ్లు ఒకసారి కట్టేసిన దానికి తర్వాత వచ్చిన మగపిల్లలందరికీ రసీదు ఇచ్చేశారు. ఆడవాళ్లలో మాత్రం ప్రతి మనిషీ మళ్లీ మొదటి నుంచి కట్టాలి.

దీనికి లండన్‌లో ఒక ఉదాహరణ ఉంది. సవాయ్ హోటల్ అమెరికన్ బార్‌లో 1903లో ఆడా కోల్మన్ అనే ఆవిడ హెడ్ బార్టెండర్ అయ్యింది, ఇరవై ఏళ్లకి పైగా ఏలింది, ఆవిడ కలిపిన హ్యాంకీ ప్యాంకీ అనే కాక్‌టెయిల్ ఇప్పటికీ ప్రపంచమంతా అమ్ముతారు. అంత పేరు తెచ్చుకున్నాక ఆ కుర్చీలోకి ఇంకో ఆడమనిషి రావడానికి ఎంత కాలం పట్టి ఉంటుంది? 2021 దాకా. ఒక జీనియస్ తలుపు తెరిస్తే వెనకాల వాళ్లంతా లోపలికి వచ్చేస్తారు అనుకునేవాళ్లకి ఈ రెండు సంవత్సరాలు చెప్తూ ఉంటాను.

కౌంటర్ అనే గీత

ఆ సీరియల్ చూస్తున్నంతసేపూ నా కళ్లు ఆ కౌంటర్ మీదే ఉన్నాయి, బండి బార్‌లో అయితే అది ఒక చెక్క పలక అంతే. ఎందుకంటే జపాన్‌లో ఆ పలకకి చట్టంలో అర్థం ఉంది. 1948 నాటి చట్టం ఒకటి ఉంది, జనం నీతి నడవడిక మీద ప్రభావం చూపే వ్యాపారాల చట్టం లాంటి పేరు దానికి. దాని ప్రకారం కస్టమర్‌ని కూర్చోబెట్టి కబుర్లతో అలరించడాన్ని "సెత్తాయ్" అంటారు. ఒక కస్టమర్ దగ్గరే ఉండి, వదలకుండా మాట్లాడుతూ, మందు పోస్తూ ఉంటే అది సెత్తాయ్, దానికి వేరే పర్మిషన్ కావాలి, మామూలుగా అర్ధరాత్రికి, కొన్ని చోట్ల ఒంటిగంటకి మూసెయ్యాలి. గ్లాసు కలిపి ఇచ్చి వెంటనే పక్కకి వెళ్లిపోతే అది సెత్తాయ్ కాదు. ఎంత వింతగా ఉందో చూడండి, పోసి వెళ్లిపోయావా పోసి నిలబడ్డావా అన్నదాని మీద నువ్వెవరివో తేలిపోతుంది.

ఈ సందులోంచే గర్ల్స్ బార్‌లు పుట్టాయి. అమ్మాయిలు కస్టమర్ పక్కన కూర్చోరు, కౌంటర్ వెనకాల నిలబడతారు, కాబట్టి మాది మామూలు బారే అంటారు ఓనర్లు, పొద్దున దాకా తెరిచి పెడతారు. కౌంటర్ అడ్డం ఉన్నంత మాత్రాన సెత్తాయ్ కాకుండా పోదని పోలీసులు అంటారు, అప్పుడప్పుడు పట్టుకుంటారు కూడా. ఆ అమ్మాయిలు కలిపేది విస్కీ సోడా, పళ్ల రసంలో వోడ్కా, ఎక్కువమంది పార్ట్ టైమ్ చేసే చదువుకునే పిల్లలు.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. రాత్రి ఆఫీసు నుంచి స్టేషన్‌కి నడిచేటప్పుడు ఆ అమ్మాయిలు చలిలో పొట్టి కోట్లు వేసుకుని చేతిలో రేట్ల బోర్డు పట్టుకుని రోడ్డు మీద నిలబడేవాళ్లు. నేను తల తిప్పుకుని వెళ్లిపోయేదాన్ని. కోపం కాదు, అదోరకం ఇబ్బంది, మనకెందుకులే అన్నట్టు. అదే నేను గింజాలో ఒక బార్‌కి మా టీమ్ వాళ్లతో వెళ్లినప్పుడు, తెల్ల కోటు వేసుకున్న అమ్మాయి ఐస్ చెక్కుతుంటే నోరు తెరుచుకుని చూశాను, ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఇద్దరూ కౌంటర్ వెనకాల అమ్మాయిలే. ఇద్దరూ మందే పోస్తున్నారు. ఒకామె చేతిలో కత్తి ఉంది, ఇంకొకామె చేతిలో బోర్డు ఉంది, అంతే తేడా. మనం ఊర్లో "మంచి ఇంటి పిల్ల" అని గీసే గీత ఉందే, అదే గీతని నేను పనితనం అనే పేరుతో మళ్లీ గీసుకున్నాను. ఇలాంటి సీరియల్స్ కూడా తెలిసో తెలియకో ఆ గీతకే రంగు వేసి పెడతాయి అని నా అనుమానం. చూడండి మా యుకి ఎంత గొప్ప కళాకారిణో, ఆ రకం అమ్మాయి కాదు సుమా అని ఎవరూ పైకి అనరు, కానీ ఆమె గొప్పతనం ఎంత పెరిగితే రోడ్డు మీద నిలబడ్డ ఆ రెండో రకం అమ్మాయి అంత కిందకి పోతుంది.

ఆఫీసు పార్టీల సంగతి చెప్పకుండా వదిలితే నాకు నిద్ర పట్టదు. జపాన్‌లో పార్టీలో ఎవరి గ్లాసు వాళ్లు నింపుకోకూడదు, పక్కవాళ్లు నింపాలి, చిన్నవాళ్లు పెద్దవాళ్లకి. చేరిన రెండో నెలలో నా పక్కన కూర్చున్న సీనియర్ ఆవిడ, చాలా మంచావిడ, నా చేతిలో బీరు సీసా పెట్టి, లేబుల్ పైకి కనబడేట్టు రెండు చేతులతో పట్టుకోవాలి అని నేర్పించి, మేనేజర్ గ్లాసు వైపు కళ్లతో సైగ చేసింది. నాతో పాటే చేరిన మగపిల్లాడు, నాకంటే వయసులో చిన్నవాడు, ఎదురుగానే కూర్చుని ఉడకబెట్టిన సోయా చిక్కుళ్లు ఒలుచుకుని తింటున్నాడు. నేను పోశాను. నురగ ఎక్కువైంది, అందరూ నవ్వారు. మందు పోసే ఆడది అంటే బార్‌లో ఉంటుంది అనుకుంటాం, ఆ రోజు నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని, మెడలో ఐడీ కార్డు కూడా తియ్యలేదు.

మన వైపు కథ

నెల్లూరు జిల్లా వాళ్లకి మందు గురించి మాట్లాడేటప్పుడు వెనకాల ఒక ఆడవాళ్ల గుంపు నిలబడి ఉంటుంది. మా అమ్మమ్మ వాళ్ల ఊరు కావలి దగ్గర, ఆడవాళ్ల సారా వ్యతిరేక ఉద్యమం మొదలైన దూబగుంట నుంచి పెద్ద దూరం కాదు. 1992లో సారా కొట్ల మీదకి వెళ్లిన వాళ్లలో మా అమ్మమ్మ ఉంది. అప్పటికే మా తాత పోయి నాలుగేళ్లు, ఎందుకు పోయాడో చెప్పక్కర్లేదు. సారా ప్యాకెట్లు మురిక్కాలవలో పోసి చీపురుకట్టతో తోసిన సంగతి మా ఇంట్లో రామాయణం చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. తర్వాత జరిగిందంతా మీకు తెలిసిందే, 1995లో మద్యనిషేధం రావడం, 1997కల్లా సడలించడం, ఇప్పుడు ప్రభుత్వాలకి ఆ ఆదాయం లేకపోతే గడవకపోవడం.

అలాంటి ఇంటి నుంచి వచ్చి నేను కాక్‌టెయిల్ అందం గురించి రాస్తున్నానంటే నాకే ఒక రకంగా ఉంటుంది. మందు అందమైనది అని చెప్పే ప్రతి కథా మాలాంటి ఇళ్లని ఫ్రేములోంచి తీసేసి చెప్తుంది. ఆ సీరియల్‌లో కస్టమర్ కునుకు తీసి తేలికపడి ఇంటికి వెళ్తాడు, ఆ ఇంట్లో ఎవరుంటారో మనకి చూపించరు. దీనికి నా దగ్గర జవాబు ఉందని అబద్ధం చెప్పను. ఒకటి మాత్రం అనగలను, మందు చెడ్డది అనే వాదన, ఆడది మందు అమ్మకూడదు అనే వాదన వేరువేరు. మొదటిది మా అమ్మమ్మది. రెండోది ఆమెది కాదు, ఆమె సారా కొట్టు మీదకి వెళ్లినప్పుడు లోపల అమ్మేది మగాడే.

నిజానికి ఆడవాళ్లు మందు అమ్మడం మనకి కొత్తా ఏంటి. తెలంగాణలో కల్లు మండువాలో లొట్టి వంచి పోసేది ఎంతమంది గౌడ ఆడవాళ్లో చూడండి. చెట్టెక్కేది మొగుడు, అమ్మి లెక్క చూసేది ఆమె. ఎవరూ తప్పు పట్టరు, ఎందుకంటే ఆమె ఫలానా ఆయన భార్య. వైన్ షాపు బయట ఉడకబెట్టిన గుడ్లు, గుగ్గిళ్లు అమ్మే ఆవిడని కూడా ఎవరూ ఏమీ అనరు, ఆమె బీదది కాబట్టి. మరీ విచిత్రం ఏంటంటే అమెరికాలో మిషిగన్ రాష్ట్రం వాళ్లు సరిగ్గా ఇదే లెక్కని చట్టంగా రాసుకున్నారు. పెద్ద ఊళ్లలో ఆడవాళ్లు బార్టెండర్ పని చెయ్యకూడదు, ఓనర్ పెళ్లామో కూతురో అయితే మాత్రం చెయ్యొచ్చు. 1948లో అమెరికా సుప్రీంకోర్టు అది సరైనదే అంది. అంటే వెనకాల ఒక మగాడి పేరుంటే పర్వాలేదు, సొంతంగా నేర్చుకుని జీతానికి వస్తేనే ప్రమాదం.

మన దేశంలో 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టం ఢిల్లీలో కూడా అమల్లో ఉండేది, జనం కూర్చుని మందు తాగే చోట ఆడవాళ్లని, పాతికేళ్లు నిండని మగవాళ్లని పనిలో పెట్టుకోకూడదని దాని 30వ సెక్షన్. ఆడవాళ్ల మీద ఆ నిషేధాన్ని ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది, అనుజ్ గర్గ్ కేసులో 2007 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు అది సరైనదే అంది. ఆడవాళ్లకి ప్రమాదం ఉందనుకుంటే రక్షణ పెంచండి, పని తీసెయ్యడం రక్షణ కాదు అన్నది ఆ తీర్పు సారం. నాకు ఆ తీర్పులో నచ్చింది ఏంటంటే ఆ కేసులో ఎవరూ జీనియస్‌లు కారు. మా అమ్మాయి ప్రపంచంలోకెల్లా గొప్ప మార్టినీ కలుపుతుంది కాబట్టి పని ఇవ్వండి అని ఎవరూ అడగలేదు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన అమ్మాయిలకి ఆ పని చేసే హక్కు ఉండాలి, అంతే.

చట్టం పోయింది కానీ

మా చెల్లి హోటల్ మేనేజ్‌మెంట్ చదివింది హైదరాబాద్‌లో. ట్రైనింగ్‌లో ఒక హోటల్లో వేశారు, పేరెందుకులెండి. అబ్బాయిల్ని బార్‌కి పంపారు, అమ్మాయిల్ని ఫ్రంట్ ఆఫీసుకి, హౌస్ కీపింగ్‌కి. ఇది అడిగింది, నన్నూ బార్‌లో వెయ్యండి అని. అక్కడి సూపర్‌వైజర్ తిట్టలేదు, అరవలేదు, "రాత్రి రెండింటికి నిన్ను ఇంటి దగ్గర దింపేదెవరమ్మా" అన్నాడట, చాలా ప్రేమగా. హౌస్ కీపింగ్ అమ్మాయిలు కూడా రాత్రి డ్యూటీలు చేస్తున్నారు, వాళ్లని దింపే బండి ఉంది, ఆ బండిలో ఒక సీటు ఖాళీగా కూడా ఉంది. ఇది ఆ మాట కూడా చెప్పింది. ఆయన నవ్వి వెళ్లిపోయాడు.

ఇంట్లో పిన్ని వేరే గొడవ. "రేపు సంబంధం వాళ్లు అడిగితే ఏం చెప్పాలే, మా అమ్మాయి మందు కలుపుద్ది అని చెప్పమంటావా?" బాబాయి మాత్రం ఏమీ అనలేదు, ఆయన సాయంత్రం పూట రెండు పెగ్గులు వేసుకుంటాడు, ఆ పెగ్గులు చిన్నప్పటి నుంచి కలిపేది మా చెల్లే. సోడా ఎంత, ఐస్ ఎన్ని ముక్కలు దానికి పదేళ్ల వయసు నుంచే తెలుసు. ఇంట్లో కలిపితే ఆయనకేం ఇబ్బంది లేదు.

బెంగళూరులో చేరాక మొదటి ఏడాది అది నాతో ఒక మాట అంది. "అక్కా, బాగా కలిపితే అమ్మాయి అయ్యుండి కూడా భలే కలిపావే అంటారు, పాడు చేస్తే అమ్మాయి కదా మరి అంటారు. మా పక్కన చేసే అబ్బాయి పాడు చేస్తే వాడికి ఆ రోజు బాలేదు అంటారు." వాడికి ఒక రోజు బాలేకుండా ఉండే సౌకర్యం ఉంది. దీనికి లేదు. నేను ఈ సీరియల్ మీద ఇంత సాగదీసి చెప్తున్నదంతా అది రెండు ముక్కల్లో చెప్పేసింది నిజానికి.

మరి దానికి ఆ సీరియల్ ఎందుకు నచ్చింది? ఇది నేను సరిగ్గా ఊహించలేదు. గొప్ప గొప్ప కాక్‌టెయిల్స్ కోసం కాదట, ముగ్గురూ ఒక ఇంట్లో ఉండి ఒకళ్ల పని గురించి ఇంకొకళ్లు మాట్లాడుకుంటారు కదా, దానికోసం. దాని బార్‌లో అది ఒక్కతే అమ్మాయి. జిన్ గురించి మాట్లాడుకోవడానికి ఇంకో ఆడమనిషి లేదు, హాస్టల్‌లో ఉన్నవాళ్లంతా ఐటీ. "వాళ్లు జీనియస్‌లా కాదా అని నేను చూళ్లేదక్కా, ముగ్గురున్నారు, అది చూశాను" అంది. నేను చూసిన దాంట్లో నాకు ఒక్కో అమ్మాయి విడివిడిగా కనబడింది, దానికి ముగ్గురు కలిసి కనబడ్డారు. నా వాదన దీనితో పోదు కానీ కొంచెం తగ్గి మాట్లాడాలనిపించింది.

ఆవులింత

జపాన్ నుంచి వచ్చేసే ముందు వారం మా టీమ్‌లో ఒకావిడ నన్ను కాండాలో ఒక చిన్న బార్‌కి తీసుకెళ్లింది. మెట్లు దిగి వెళ్లాలి, ఎనిమిది కుర్చీలు. కౌంటర్ వెనకాల యాభై దాటిన ఒకావిడ, నల్ల స్వెట్టర్, తెల్ల కోటు లేదు బో టై లేదు. నేను మందు ముట్టను, ఆ మాట చెప్తే అల్లం, నిమ్మకాయ, సోడాతో ఏదో కలిపి ఇచ్చింది. అల్లం ఎక్కువైంది. నిజం చెప్పాలంటే మా ఊళ్లో గోలీసోడా బండివాడు ఇంతకంటే బాగా చేస్తాడు. ఐస్ కూడా చెక్కలేదు, డబ్బాలోంచి తీసి వేసింది. నా మొహం చూసి నేనెందుకు దిగులుగా ఉన్నానో కనిపెట్టలేదు, నేనేమీ దిగులుగా లేను కూడా.

చివర కుర్చీలో కూర్చున్న పెద్దాయన ఆవిడని "మామా" అని పిలిచాడు. ఆవిడ పలకలేదు. రెండోసారి పిలిచాడు, గ్లాసు తుడుస్తూనే ఉంది. మూడోసారి ఆవిడ ఇంటిపేరు పెట్టి, చివర మన గారు లాంటి సాన్ చేర్చి పిలిచాడు. అప్పుడు తిరిగి "హాయ్" అంది, అంటే జపనీస్‌లో ఆఁ అన్నట్టు, ఏం జరగనట్టు. మా ఫ్రెండ్ నా చెవిలో, ఇరవై ఏళ్ల నుంచి వస్తున్నా ఆయన మొదటి రెండుసార్లు అలాగే పిలుస్తాడు అని చెప్పింది. పదకొండు దాటాక ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుని గట్టిగా ఆవులించింది, ఎవరూ పట్టించుకోలేదు, పెద్దాయన కూడా ఆవులించాడు, ఆవులింత అంటుకుంటుంది కదా.

ఆవిడ మీద ఎవరూ సీరియల్ తియ్యరు. తీస్తే రెండో ఎపిసోడ్‌కి జనం ఛానల్ మారుస్తారు, నేను కూడా మారుస్తానేమో, అది కూడా ఒప్పుకోవాలి.

మొన్న సంక్రాంతికి అందరం కావలిలో కలిశాం. చెల్లి తన ల్యాప్‌టాప్‌లో ఒక ఎపిసోడ్ పెట్టింది, అమ్మమ్మ మంచం మీద కూర్చుని చూసింది, ఇది పక్కన కూర్చుని తెలుగులో చెప్తూ ఉంది. అమ్మమ్మకి ఇప్పుడు ఎనభై పైనే. మనవరాలు ఏం పని చేస్తుందో ఆవిడకి అప్పటిదాకా ఎవరూ సరిగ్గా చెప్పలేదు, ఆ రోజే చెప్పాం. తిడుతుందేమో అని పిన్ని వంటింట్లోకి వెళ్లిపోయింది. అమ్మమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. యుకి బండి మీద గ్లాసులు వరసగా పేర్చి ఉన్నాయి, దీపం వెలుగులో మెరుస్తున్నాయి.

"అన్ని గళాసులు ఎవురు కడిగేది?" అంది చివరికి.

"నేనే అమ్మమ్మా," అంది చెల్లి. "శనివారమైతే రెండొందలు దాటతాయి."

అమ్మమ్మ దాని చెయ్యి తీసుకుని, నీళ్లకి వేళ్లు పాశాయా లేదా అని తిప్పి చూసింది.